ఐసు ఫ్యాక్టరీ దగ్గర నీరసపడే లైట్లు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పలేదు. సూరత్‌లో పుట్టి పెరిగినవాళ్లకి మన నరసాపురం దెయ్యాల సంగతి ఎలా తెలుస్తుంది? మీ ప్రసన్నకుమార్ మావయ్య నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతాను. లైటు ఉండనివ్వండి, ఆర్పకండి.

నరసాపురం నుంచి పాలకొల్లు వెళ్లే పాత రోడ్డులో, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. ఆ చోటుకి మంచి పేరు లేదు. లోపల గడ్డకట్టుకుపోయిన వాచ్‌మన్ ఇప్పటికీ వణుకుతూ తిరుగుతాడట... దారిన పోయేవాళ్ల ఒంట్లో వేడి లాగేసుకుంటాడట.

మావయ్య రోజూ తెల్లవారుజామున, చీకటి విడవకముందే, పాత వ్యానులో చేపల పెట్టెలు వేసుకుని అటే వెళ్లాలి.

సరిగ్గా ఆ గేటు ముందు రోడ్డు మీద ఒక గొయ్యి. వ్యాను అందులో దిగి లేచేసరికి—

లైట్లు నీరసపడిపోయేవి. రేడియోలో పాట ఆగిపోయేది. స్టీరింగు వెనక బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగేది... ఇంకో నాలుగు కుదుపులయ్యాక అన్నీ మళ్లీ మామూలే. ఒక్కోరోజు అసలేమీ జరిగేది కాదు. అదే ఇంకా భయం.

మెకానిక్ ఆశీర్వాదం బెల్టు మార్చాడు. బ్యాటరీ మార్చాడు. షెడ్డులో మీటరు పెడితే డైనమో చక్కగా పద్నాలుగు వోల్టులు చూపించేది.

"బండిలో లోపం లేదండి. దెయ్యమేమో నా షెడ్డుకి రావట్లేదు," అన్నాడు.

మావయ్య వాళ్లమ్మ, అంటే మా పెద్దమ్మ అప్పాయమ్మ, తేల్చేసింది. "ఆ బండి పాత ఇనుముకి ఇచ్చేసి బోటెక్కరా."

తాతల నాటి నుంచి వేటకెళ్లే ఇంట్లో, బోటు ఒడ్డు దాటకముందే వాంతులు చేసుకునే మనిషి మావయ్యొక్కడే. వ్యాను పోతే ఆయన పనైపోయినట్టే.

"ఒక్క ఛాన్సివ్వమ్మా."

"సరే, రేపు నేనూ వస్తాను. నా కళ్లముందు లైట్లు పోయాయా... అటునుంచి అటే ఇనుము కొట్టుకి."

మర్నాడు మావయ్య ఆశీర్వాదాన్ని బతిమాలి, వెనక చేపల పెట్టెల మధ్య కూర్చోబెట్టాడు. బ్యాటరీ నుంచి లాగిన వైర్లు, ఒళ్లో మీటరు.

"షెడ్డుకి రాని జబ్బుని అది వచ్చే చోటే పట్టుకోవాలండి," అన్నాడు ఆశీర్వాదం.

పొగమంచు... నల్లగా ఫ్యాక్టరీ గేటు...

"పద్నాలుగేనండి..." గుసగుసలాడాడు ఆశీర్వాదం.

గొయ్యి. ధబ్!

లైట్లు నీరసపడ్డాయి.

"పన్నెండు!" అంటూనే ఆశీర్వాదం కెవ్వుమన్నాడు. "మెడ మీద... చల్లటి వేలు!"

"పై పెట్టెలోంచి కారే ఐసు నీళ్లు నాయనా," అంది పెద్దమ్మ, వెనక్కి తిరగకుండానే.

మావయ్య బండి పక్కకి ఆపాడు. ఆశీర్వాదం మీటరు వంకే చూస్తూ, "డైనమో నుంచి ఛార్జింగు రావట్లేదు. కుదుపుకి ఏదో వైరు ఊడుతోంది. ఇంజను చూడాలి, లేవండి పెద్దమ్మగారూ," అన్నాడు.

ఆ వ్యానులో ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది. ఆ సీటు మీద పెద్దమ్మ.

"నేను లెగను."

"అమ్మా!"

"ఇక్కడ మాత్రం లెగను."

"బోటెక్కితే పేగులు బయటికొస్తాయే, లెగవే తల్లీ!"

లేచింది. సీటెత్తారు. టార్చి వేశారు...

డైనమో వెనక వైరుకి దండ! నల్లతాడుకి గుచ్చిన నిమ్మకాయలూ మిరపకాయలూ, పెళ్లికొడుకు మెళ్లో వేసేంత దండ. దాని బరువుకి వైరు సాకెట్టులోంచి సగం ఊడి వేలాడుతోంది.

"బండి ముందు కడితే మేకలు లాగేస్తున్నాయని లోపల కట్టాను," అంది పెద్దమ్మ మెల్లగా. "దెయ్యం వచ్చినప్పుడల్లా ఇంకో రెండు కాయలు కలిపాను."

"మరి షెడ్డులో నాకెప్పుడూ కనబడలేదే!"

"నీ గ్రీజు చేతులు తగిలితే పనిచెయ్యవని, పంపేముందు విప్పేసేదాన్ని. వచ్చాక మళ్లీ కట్టేదాన్ని."

ఆశీర్వాదం దండ తీసి పెద్దమ్మ చేతిలో పెట్టి, వైరు టక్కున నొక్కాడు. లైట్లు భగ్గుమన్నాయి.

పెద్దమ్మ నమ్మలేదు. దండ చేత్తో పట్టుకుని గొయ్యి పక్కన నిలబడింది. భయానికి జుట్టు ముడి ఎప్పుడో ఊడిపోయింది. "మళ్లీ దింపు!" అంది. మావయ్య దింపాడు. లైట్లు చెక్కుచెదరలేదు. "వెనక్కెళ్లి మళ్లీ రా!" అని అరిచింది. వచ్చాడు. "మళ్లీ రా!" అంది... ఎంతసేపటికో గానీ, "సరే, బండి ఉంచుకో," అనలేదు.

అప్పుడే దూరంగా ఎవరిదో సైకిలు దబ్బున పడిన చప్పుడు... పరుగు తీసిన అడుగులు...

వీళ్లు పాలకొల్లు మార్కెట్టుకి చేరేసరికి కబురు ముందే వచ్చేసింది. ఐసు ఫ్యాక్టరీ దగ్గర జుట్టు విరబోసుకున్న ముసలి దెయ్యమట. "మళ్లీ రా" అని బళ్లని పిలుస్తోందట. నిమ్మకాయలకి కూడా భయపడదట, వాటినే చేత్తో పట్టుకు తిరుగుతోందట!

పెద్దమ్మ గబగబా జుట్టు ముడేసుకుని చేపలు అమ్ముకుంది. మర్నాటి నుంచి మిగతా చేపల బళ్లన్నీ చుట్టుదారి పట్టాయి. మార్కెట్టుకి రోజూ ముందు చేరేది మావయ్య వ్యానే.

మీరు మాత్రం ఈ కథ మీ స్నేహితులకీ, రేపు మీ పిల్లలకీ ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ ముసలమ్మ ఎవరో చివర్లో తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే చిన్నవాళ్లకి నిద్రపట్టదు.