గెలవనివాడి ఇంటినిండా కప్పులు

“ఇట్లా యాల చేసినారండీ?”

అడిగిన మనిషి కోప్పడి ఉంటే మాలతి తిరగబడి ఉండేది. కానీ ఆయన కళ్ళనీళ్ళ పర్యంతమై అడిగాడు. దాంతో మాలతికి అరికాలి మంట నెత్తికెక్కింది.

పుంగనూరు బజారులో కుప్పుస్వామి స్టీలు సామాన్ల అంగడి అంటే తెలియనివాళ్ళు లేరు. ఆ అంగడిలో పేర్లు కొట్టే మిషను ముందు కూర్చునేది ఆయన కూతురు మాలతి. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ చదివించే బిందెల మీద, పళ్ళేల మీద ఆరేళ్ళుగా ఆ అమ్మాయే పేర్లు కొడుతోంది. ఇంతవరకు ఒక్కరూ వచ్చి ‘తప్పు’ అన్న పాపాన పోలేదు.

“ఏం చేసినాను సార్? పాలిష్ పెట్టమన్నారు, పెట్టినాను. చీటీలో సుదర్శన్ అని ఉండాది, కొట్టినాను. మీ పేరు అది కాదా?”

“నా పేరే. కానీ ఈ కప్పు నేను గెలిచింది కాదు.”

“గెలవకుంటే మీ చేతికి ఎట్లొచ్చింది?”

“గుజిరీ అంగడిలో కొన్నాను. పాత ఇనుములో పడుంటే.”

మాలతి కప్పు వంక చూసింది. మూరెడు ఎత్తు, రెండు చెవుల ఇత్తడి కప్పు. ఆ అంగడిలో పద్ధతి ఒకటే. పాత సామాను వస్తే మెరుగుపెట్టే బఫింగ్ చక్రం మీద పెట్టి ముందు పాత పేరు అరగదీయాలి, తరవాత చీటీలో ఉన్న పేరు కొట్టాలి. నాన్న ఆ చీటీలో ‘సుదర్శన్, మదనపల్లె’ అని రాసింది కప్పు ఎవరికి తిరిగివ్వాలో గుర్తుండటానికి. మాలతి దాన్ని కొట్టాల్సిన పేరు అనుకుంది.

“పాత పేరు ఎవరిది?” అంది, గొంతు కొంచెం తగ్గించి.

“గుడుపల్లె రెడ్డెప్ప అని ఒక పెద్దాయన. యాభై ఎనిమిదిలో కుప్పంలో మైలు పరుగు గెలిచినాడు. కరువులో వాళ్ళ నాయన కప్పు అమ్మేసినాడంట. ఇప్పుడు ఇంట్లో ఎవురూ నమ్మరు. ముసలాయన కోతలు కోస్తాడని కన్నకొడుకే నవ్వుతాడు. విత్తనాల కంపెనీ పని మీద అటు పోయినప్పుడంతా విచారించి, ఆయన్ను పట్టుకున్నాను. వచ్చే వారం కాకుండా ఆ పై ఆదివారం కొడుకును పిలుచుకొని మా ఇంటికి వస్తాండాడు, కప్పు మీద పేరు చూపించేకి.”

“దానికేముంది? రెడ్డెప్ప అని రెండు నిమిషాల్లో కొట్టి ఇస్తాను.”

“కొత్తగా కొట్టింది చూసి కొడుకు నమ్ముతాడా అండీ? వాళ్ళ నాయనే కొట్టించుకున్నాడంటాడు.”

మాలతి కప్పును తన వైపు లాక్కుని, అరిగిన చోట వేలితో రాసి చూసింది.

“నన్ను తిట్టండి సార్,” అంది చివరికి. “తిడితే నాకు బాగుంటుంది.”

“పర్లేదండీ,” అని కప్పు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పర్లేదంట! ఆ పూట మాలతికి అన్నం సహించలేదు. తిట్టే మనిషితో గొడవపడొచ్చు, పర్లేదనే మనిషిని ఏం చేసుకోవాలి?

మూడోరోజు బఫింగ్ గుడ్డలు తెస్తానని చెప్పి మదనపల్లె బస్సెక్కింది. చీటీ మీది పేరుతో విత్తనాల కంపెనీలో విచారించి ఇల్లు వెతుక్కునేసరికి వాన ఎత్తుకుంది. తడిసి ముద్దయిన చుడీదార్‌తో తలుపు తట్టింది. తలుపు తీసిన సుదర్శన్ గుడ్లప్పగించి నిలబడ్డాడు.

“లోపలికి రమ్మంటారా, ఈడే ఆరబెట్టుకోమంటారా?”

“అయ్యో, రండి రండి,” అని పక్కకు జరగబోయి, గడప పక్కనున్న వాలీబాల్ షీల్డును కాలితో తన్నాడు.

అది ఇల్లు కాదు. టీవీ మీద కప్పులు, ఫ్రిజ్ మీద కప్పులు, కిటికీల్లో కప్పులు. గోడలకు చెక్క షీల్డులు. ఒక వెండిపూత కప్పులో అగరువత్తులు, ఇంకోదాంట్లో కరెంటు బిల్లులు. క్యాలెండరు వేలాడదీసుకునేందుకు కూడా జానెడు గోడ మిగలలేదు.

“సూడమ్మా, సూడు!” తువ్వాలు చేతికిస్తూ వాళ్ళమ్మ సరస్వతమ్మ మొదలుపెట్టింది. “యాడాడి వాళ్ళవో కప్పులు తెచ్చి నా నెత్తిన పెడతాండాడు. పోయినేడు పెండ్లిసూపులకు వచ్చినోళ్ళు ఇవన్నీ చూసి, అబ్బాయి గొప్ప ఆటగాడని మురిసిపోయిరి. వీడేమో, నేను బడిలో ఒక్క పందెంలో గూడా దిగలేదండీ అనె. మరి ఇవన్నీ దొంగసొత్తా అని కాఫీ గూడా తాగకుండా పోయిరి!”

మాలతికి నవ్వాగలేదు. సుదర్శన్ చెవులు ఎర్రబడ్డాయి.

“పేర్లుండాయి కదమ్మా వాటి మీద,” అన్నాడు నెమ్మదిగా. “గెలిచినోళ్ళ పేర్లు ఇనుములో కరిగిపోతే నాకు మనసొప్పదు.”

ఆ మాటకు మాలతి నవ్వు ఆగిపోయింది. ఆ పేరును చేజేతులా అరగదీసింది తనే.

“నేనూ ఊరుకోలేదులే,” అంటూ సరస్వతమ్మ ఒక ఇత్తడి కప్పులోంచి చింతపండు ముద్ద తీసింది. “డబ్బాలకు తావు లేకపోతే వీటిల్లోనే పెట్టుకుంటాండాను.”

“అమ్మా! అది ఫుట్‌బాల్ ఛాంపియన్స్‌ది!”

“ఛాంపియన్లొచ్చి చారు కాస్తారా?”

మాలతి చటుక్కున ఆ కప్పు లాక్కుంది. చింతపండు పులుపుకు లోపలివైపు తళతళలాడుతోంది. ఆ మెరుపులో సన్నటి గుబ్బలు వరసగా కనిపించాయి. వేలు పెట్టి తడిమింది. అక్షరాలు! ఉలితో కొట్టిన పేరు లోపలివైపు తిరగబడి తేలింది.

“సార్! రెడ్డెప్ప కప్పు యాడ? తొందరగా తీసుకురండి. అత్తా, ఆ చింతపండు ఇట్లియ్యి!”

‘అత్తా’ అన్నందుకు ఆమె కళ్ళు చిట్లించి చూసింది కానీ, చింతపండు ఇచ్చింది.

ముగ్గురూ కప్పు చుట్టూ చేరారు. చింతపండు పట్టించి, పీచుతో తోమేసరికి లోపలి మసి వదిలింది. మిషను పైపైనే గీస్తుంది; అది రాకముందు పేర్లన్నీ ఉలీ సుత్తీతో లోపలికి దిగేలా కొట్టినవే. పైన మాలతి అరగదీసినా లోపలి గుబ్బలు ఎక్కడికీ పోలేదు. పల్చటి కాగితం లోపల అదిమి పెన్సిలుతో రుద్ది, వెలుతురుకు ఎదురుగా తిప్పి పట్టింది. ‘రెడ్డెప్ప, మైలు పరుగు, మొదటి బహుమతి, 1958.’

సుదర్శన్ కాగితం చూడటం మానేసి మాలతిని చూస్తున్నాడు. మాలతికి తెలిసింది. తెలిసినా తల ఎత్తలేదు.

కప్పు మళ్ళీ పుంగనూరు చేరింది. మాలతి మిషను ముట్టుకోలేదు. నాన్న పాత ఉలీ సుత్తీ బయటికి తీసి, తను పొరపాటున కొట్టిన ‘సుదర్శన్’ను చెరిపి, లోపలి గుబ్బల ఆధారంగా ఒక్కో చుక్కా కొట్టసాగింది. పాత పేరు చివర ఒక గీత పక్కకు జారి ఉంది. దాన్ని సరిచేయాలని చెయ్యి దురద పెట్టింది. పళ్ళు కొరుక్కుని, జారినదాన్ని జారినట్టే కొట్టింది.

ఇంతలో సుదర్శన్ రోజూ ప్రత్యక్షం. బండి ఆపుతాడు, “ఎంతవరకు వచ్చిందండీ?” అంటాడు, ఇంకేదో చెప్పబోతాడు, నీళ్ళు నములుతాడు.

“ఏమో చెప్పబోతిరి?”

“ఏం లేదు, పర్లేదండీ.”

వారం రోజులు ఇదే తంతు. మాలతికి సుత్తి ఆయన నెత్తిన వేయాలన్నంత విసుగొచ్చింది. అయినా నాలుగు కాగానే బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకునేది. ఆ సంగతికి తన మీద తనకే ఒళ్ళు మండేది.

ఆదివారం నాన్నను వెంటబెట్టుకుని కప్పుతో మదనపల్లె వచ్చింది. రెడ్డెప్ప అప్పటికే కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. బక్కపలచటి మనిషి, తలపాగా. పక్కన కొడుకు గడియారం చూసుకుంటున్నాడు.

జరిగింది దాచకుండా మాలతి తన నోటితోనే చెప్పింది. “నేనే చెరిపినాను తాతా. లోపల ఉన్నదాన్ని చూసి మళ్ళీ కొట్టినాను.”

కొడుకు మొహం చిట్లించాడు. రెడ్డెప్ప కప్పు ఒళ్ళో పెట్టుకుని, పేరు మీద బొటనవేలు నడిపించాడు. చివర ఆగాడు.

“ఈడ జారుండాది సూడు. కుప్పంలో ఆచారి చెయ్యి జారింది. నేను పక్కనే ఉండాను. పర్వాలేదు సామీ, తొందరగా ఇయ్యి, మా నాయనకు చూపించల్ల అంటిని.” ముసలాయన కప్పును కొడుకు వైపు తిప్పాడు. “ఇది నాదే.”

కొడుకు కప్పు లోపల చెయ్యి పెట్టి తడిమాడు. చాలాసేపు తడిమాడు. తరవాత తన భుజం మీది తువ్వాలు తీసి, కప్పు తుడిచి, తండ్రి చేతిలో పెట్టాడు.

“ఎన్నోసార్లు నవ్వితిని నాయనా,” అన్నాడు.

సరస్వతమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రెడ్డెప్ప తేరుకుని గోడలు చూశాడు. “ఇన్నింట్లో నీది యాది అబ్బోడా?”

“నాది ఒకటీ లేదు తాతా. యాడా దిగలేదు. ఓడిపోతే అందరూ చూస్తారని...”

“ఓహో!” మాలతి ఇక ఆగలేకపోయింది. “అందుకేనా వారం నుంచి అంగడి ముందర బండి ఆపేది, నోరు తెరిచేది, మూసేది? ఓడిపోతానని భయమా? నేనేమన్నా పులినా? అడిగి చూస్తే నీ సొమ్మేం పోతుందప్పా!”

కుప్పుస్వామి కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. రెడ్డెప్ప కప్పు ఒళ్ళో పెట్టుకుని సర్దుకు కూర్చున్నాడు.

సుదర్శన్ లేచి కుప్పుస్వామి ముందు నిలబడ్డాడు.

“సార్, మాలతిని నాకిచ్చి పెండ్లి చేయండి. మీరు వద్దన్నా పర్లే...” ఆగాడు. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. “కాదు సార్. వద్దంటే పర్లేదు కాదు. వద్దంటే నేను తట్టుకోలేను.”

“అట్ల పరిగెత్తల్ల!” అన్నాడు రెడ్డెప్ప.

“నన్నేం అడుగుతావు నాయనా? మా అమ్మి కోపం చూసినావు కదా, అంతకంటే ఒప్పుకోలు ఏముండాది?” అన్నాడు కుప్పుస్వామి. సరస్వతమ్మ అప్పటికే చక్కెర కోసం మూడు కప్పుల్లో చెయ్యి పెట్టి వెతుకుతోంది.

మర్నాడు నాలుగింటికి అంగడి ముందు బండి ఆగింది. మాలతి ఒక స్టీలు గ్లాసు ముందుకు తోసింది. దాని మీద పేరు కొట్టి ఉంది. ‘సుదర్శన్, 2002, పాల్గొన్నందుకు.’

“పాల్గొన్నందుకా? మొదటి బహుమతి కాదా?”

మాలతి బల్ల కింద పేర్చిన కొత్త పళ్ళేల దొంతర చూపించి, మీదున్న చీటీ చేతికిచ్చింది. ‘మాలతి, సుదర్శన్’ అని ఉంది.

“ఈసారి చీటీ నేనే రాసినాను. బాగా చూసుకో,” అంది మిషను ఆన్ చేస్తూ. “కొట్టినాక అరగదీసేది లేదు.”