డ్రైవరు సీట్లో ఎవరూ లేరు

సాయంత్రం ఏడు గంటల ఐదు నిమిషాలు. గది గుమ్మంలో కూర్చుని కెమెరాకు బ్యాటరీలు మారుస్తున్నాను. 2004 డిసెంబరు పది, శుక్రవారం.

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో మా లేబర్ క్యాంపు వెనక ఒక పాత కంపెనీ బస్సు ఉండేది. చక్రాలు లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. చీకటి పడ్డాక దాని డ్రైవరు సీట్లో ఎవరో కూర్చుంటారని చెప్పుకునేవాళ్ళు. చూసిందెవరని అడిగితే, చూసినవాళ్ళంతా వీసా రద్దు చేసుకుని ఇంటికెళ్ళిపోయారనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళు జిల్లా డెస్కులో విలేకరుల వార్తలు దిద్దినవాణ్ణి. ఇలాంటివి ఏ బుట్టలో వెయ్యాలో నాకు తెలుసు.

అందుకే ఆ బస్సునే ఫొటో తీద్దామని బయల్దేరాను.

కెమెరా బర్ దుబాయ్‌లో కొని వారం. ఆ వారంలో నేర్చిన విద్య ఇదీ: ఐఎస్ఓ పెంచితే చీకట్లోనూ బొమ్మ పడుతుంది, కానీ ఇసక చల్లినట్టుంటుంది. షటర్ నెమ్మదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది, చెయ్యి కదిలితే మాత్రం బొమ్మ అలుక్కుపోతుంది. మీట సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. ఇంత తెలిశాక మిగతా గుర్తులన్నీ అలంకారమని తేల్చుకున్నాను. ఫ్లాష్ దగ్గర చిన్న కన్ను బొమ్మ ఒకటి ఉంది. ముద్దుగా ఉందని అది పెట్టాను.

బస్సు మెట్టు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను... అతనే ముందుకొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా.

"సారు... ఫొటోల తారీఖు పడ్తదా?"

"పడుతుంది."

"గట్లయితె నాదొకటి తియ్యి. పక్క క్యాంపోన్ని. హన్మాండ్లు అంటరు. జగిత్యాల దిక్కు." గొంతు తగ్గించాడు. "ఇంటికాడ నేను సచ్చిపోయిన అనుకుంటున్నరు."

నవ్వబోయాను. అతను నవ్వలేదు.

షార్జాలో ఇంకెవరో హన్మాండ్లు పోయాడట. కబురు ఈ హన్మాండ్లు ఇంటికి చేరింది. ఇతను ఫోన్ చేస్తే, గొంతు విని తల్లి కేకేసి ఫోన్ పెట్టేసిందట — మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. బతికే ఉన్నాడని తోటివాళ్ళు చెబితే ఇంట్లోవాళ్ళు ఓదార్పు మాటలనుకున్నారు. మంగళవారం పదో రోజు.

"నా పెండ్లాం గౌరవ్వ గాజులు పగలగొడ్తరు సారు. తారీఖున్న ఫొటో పోతె ఆగుతరు."

బస్సెక్కి స్టీరింగు పట్టుకున్నాడు. "డ్రైవర్ లెక్క కనపడాలె. బతికున్నట్టు సూపెట్టుడే అయితె, జర మంచిగ బతికున్నట్టు సూపెట్టాలె గద."

ఇటువైపు మెట్టు మీద నిలబడి కెమెరా ఎత్తాను. దూరంగా హారన్ మోగింది.

"యల్లా సారు, జల్ది తియ్యి, నైట్ డ్యూటీ బస్సొచ్చింది. రేపొచ్చి తీస్కపోత."

మీట సగం నొక్కాను... పూర్తిగా నొక్కాను.

వెలుగు. కళ్ళు బైర్లు కమ్మాయి. మళ్ళీ వెలుగు — దానంతటదే.

తెర మీద బొమ్మ వచ్చింది. స్టీరింగు. సీటు. సీటు రెక్సిన్‌కు చిరుగు. మూలన తేదీ.

మనిషి లేడు.

తలెత్తి చూశాను. సీట్లోనూ లేడు.

నేను పరిగెత్తలేదని రాయాలని ఉంది. నా ఎడమకాలి చెప్పు మర్నాడు ఆ మెట్టు దగ్గర దొరికింది.

మెస్సులో నలభై మంది భోజనం చేస్తున్నారు. ఊపిరి అందినంత మేర చెప్పాను — పేరుతో, ఊరి దిక్కుతో. తెర చూపించాను. రాజమౌళి అనే ఫిట్టర్ ముద్ద ఆపాడు.

"జగిత్యాల దిక్కు హన్మాండ్లా? సచ్చిపోయిండని మొన్ననే మా ఇంటోళ్ళు చెప్పిన్రు."

అంత భయంలోనూ నాకు చిన్న తృప్తి కలిగింది. వార్తకు రెండో ఆధారం దొరికింది. రాజమౌళి చెయ్యి కడుక్కుని, ఫోన్ కార్డు తీసుకుని బయటికెళ్ళాడు. శుక్రవారం రాత్రి అందరూ ఇళ్ళకు ఫోన్లు చేసుకుంటారు కాబట్టి నేను పట్టించుకోలేదు.

స్టోర్ కీపర్ సిలాస్, భీమవరం వైపువాడు, కెమెరా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నన్నొకటి తియ్యండి మాస్టారూ."

కుర్చీలో కూర్చున్నాడు. వెలుగు. లేచి నీళ్ళ కూలర్ దగ్గరికి నడిచాడు. మళ్ళీ వెలుగు. తెర మీద ఖాళీ కుర్చీ.

"అయితే నేనూ పోయినట్టేనాండీ?" అన్నాడు నీళ్ళు తాగుతూ.

ఆ కన్ను బొమ్మ అలంకారం కాదు. చీకట్లో ఫ్లాష్ కొడితే మనుషుల కళ్ళు ఎర్రగా పడతాయి. అలా పడకుండా కెమెరా ముందొక వెలుగు కొట్టి కంటిపాపను చిన్నది చేస్తుంది. అసలు ఫొటో రెండో వెలుగుకు. హన్మాండ్లు మొదటిదానికే పనైపోయిందనుకుని, అటువైపు డ్రైవరు తలుపులోంచి డ్యూటీ బస్సు కోసం దూకేశాడు.

"పేపర్లో కూడా ఇలాగే రాసేవారాండీ?" అన్నాడు సిలాస్. మెస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఒంటికాలి చెప్పుతో.

శనివారం సాయంత్రం హన్మాండ్లు వచ్చాడు. కన్ను గుర్తు తీసేశాను. కదలొద్దని మూడుసార్లు చెప్పి, మళ్ళీ ఆ సీట్లోనే కూర్చోబెట్టి తీశాను. ఈసారి మనిషి పడ్డాడు, తేదీ పడింది. కళ్ళు మాత్రం రెండు నిప్పు కణికల్లా ఎర్రగా పడ్డాయి. తొందరలో ఉన్నాం, పర్లేదనుకున్నాం. ఆ రాత్రే జగిత్యాలలో ఒక నెట్ సెంటర్‌కు మెయిల్ చేశాం.

తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చాడు. చేతిలో సెలవు కాగితం. కింద ముదీర్, అంటే మేనేజరు, సంతకం ఉంది.

"ఇంటికి పోతున్న సారు. పగటిపూట ఊళ్ళె దిగెటట్టు టికెట్ తీస్కున్న. రాత్రి పోతె రాళ్ళేస్తరు."

"ఫొటో అందలేదా?"

"సోమారమే అందింది."

"మరి... గాజులు?"

"పగలగొట్టిన్రు."

కోపంగా అనలేదు. అడిగినదానికి చెప్పాడంతే. ఫొటో కంటే మూడు రోజుల ముందే రాజమౌళి ఫోన్ ఊరు చేరింది. పేపర్లో పనిచేసిన పెద్దమనిషి ముసఫ్ఫాలో హన్మాండ్లు దయ్యాన్ని కళ్ళారా చూశాడని, ఫొటో కూడా తీశాడని. సోమవారం నెట్ సెంటర్ నుంచి కలర్ ప్రింటు వచ్చింది. పెద్దలు ఆ కళ్ళు చూశారు. ఇదే ఆ దయ్యం ఫొటో అన్నారు.

మంగళవారం దండ వేసింది దానికే.