పాతబాయిలో లైటు

నస్పూర్‌లో చీకటి పడ్డాక పాతబాయి దిక్కు ఎవరూ పోరు. అవసరమైతే కాలనీ అంతా చుట్టి పోతారు గానీ, ఆ చింతచెట్టు కింది తోవ మాత్రం పట్టరు.

తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా బొగ్గు ఊళ్ళలో నీళ్ళ బావీ బాయే, బొగ్గు గనీ బాయే. "మా ఆయన బాయికి పోయిండు" అని ఇల్లాలు అంటే డ్యూటీకి పోయాడని అర్థం. ఎవరూ తాడు పట్టుకుని ఉరకరు. పాతబాయి మాత్రం ఉత్త నీళ్ళ బావి. గోడ సగం కూలి, కాలనీ వెనక పడి ఉంటుంది.

ఎన్నడో గని పైకప్పు కూలి చచ్చిపోయిన ఒకాయన, నెత్తిన టోపీ లైటుతో, డ్యూటీకి పోతున్నాననుకుని ఆ నీళ్ళ బావిలోకి దిగుతుంటాడట. చచ్చినా డ్యూటీ తప్పలేదు పాపం... ఏ బాయో మాత్రం తేల్చుకోలేకపోయాడు. రాత్రి లోపల లైటు కనబడుతుందంటారు. పేరు పెట్టి పిలుస్తుందంటారు. మూడోసారి పిలిచేదాకా పలకొద్దు — దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది.

ఇక జరిగింది చెబుతాను. నాకు మందుల షాపు రేవతి చెప్పింది, ఆమెకు కుమారస్వామి చెప్పాడు. చెప్పేటప్పుడు రేవతి ముఖంలో భయం లేదు, ఏడుపు లేదు. మాత్రల పట్టీలు కత్తిరిస్తూనే చెప్పింది.

మా ఊరికి ఫోన్లో ఒక గ్రూపు ఉంది, 'నస్పూర్ ముచ్చట్లు'. నల్లా ఎప్పుడొస్తుంది, ఎవరి మేక తప్పిపోయింది, ఎవరికి రక్తం కావాలి — అన్నీ అందులోనే. వేల మంది ఉన్నారు. దాన్ని చూసుకునే అడ్మిన్లు ఇద్దరు, రేవతి, కుమారస్వామి. కుమారస్వామి బొగ్గుబాయిలో పంపు నడుపుతాడు. గ్రూపు పనికి జీతం లేదు, భత్యం లేదు. ఊరందరి తిట్లు మాత్రం ఉచితం. బూతులు, కులం కొట్లాటలు, శవాల ఫోటోలు... ఒకటి తీసేసేలోపు నాలుగు వచ్చి పడేవి.

"స్వామన్నా, నాకేం అనిపిస్తలేదే" అన్నదట రేవతి ఒకనాడు. "రైలు కింద పడ్డోని ఫోటో తీసేసుకుంటనే అన్నం తిన్న. చెయ్యి గూడ ఆగలే."

"నాకు గూడ గంతే. బొటనేలు దానంతటదే పోతది."

పోయిన ఎండాకాలం ఎవడో తలమాసినవాడు గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు — పాతబాయి కాడ దెయ్యం పట్టిన ముసలిది, చూడండి అని. ఆమె ఎల్లక్క. చింతచిగురు కోసుకుంటున్నది. అడ్మిన్లు చూసి తీసేసే లోపే జనం పోయి ఆమెను కొట్టారు. తల పగిలింది. కొట్టిన వాళ్ళే మరునాడు గ్రూపులో 'త్వరగా కోలుకోవాలి' అని దండాలు పెట్టారు. మన జనం ఎట్లాంటి వాళ్ళో నాకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అప్పుడే అడ్మిన్లిద్దరూ యంత్రాన్ని పెట్టించారు. దానంతటదే చదివి, దానంతటదే తీసేసే ప్రోగ్రాం. పేరు 'కావలి'. దానికి చెప్పిన మొదటి రూలు — 'పాతబాయి' అన్న మాట ఎవరు రాసినా తీసెయ్యాలి. ఉత్త 'బాయి' అని పెడితే ఊరికి ఊరే మూగబోతుంది కాబట్టి దాన్ని వదిలేశారు.

"అడ్మిన్లు రాస్తే?" అని అడిగింది రేవతి.

"రూలు అందరికి ఒక్కటే."

"తీసేసినయి మల్ల మనకు చూపెట్టద్దని గూడ చెప్పుదాం. నాతోని గాదిగ."

అట్లాగే చెప్పారు. తీసేసినవన్నీ రేవతి ఫోన్లో ఒక మూలన పడి ఉంటాయి గానీ, ఆమె తెరిచి చూసేది కాదు. పుకార్లు ఆగిపోయాయి. ఎల్లక్క మళ్ళీ చిగురుకు వస్తున్నది. మంచి పనే చేశారు, కాదని నేనూ అనను.

ఈ ఏడు ఎండల్లో ఒక రాత్రి కుమారస్వామి రెండో షిఫ్టు దిగి ఇంటికి వస్తున్నాడు. పైపుల కోసం పెద్ద రోడ్డు తవ్వేశారు. చింతచెట్టు తోవ తప్ప గతి లేదు. అతని స్కూటర్ సైలెన్సర్ పగిలింది. ఆ మోత వింటే చాలు, స్వామి వస్తున్నాడని కాలనీలో పసిపిల్లలకు కూడా తెలుసు.

గాలి లేదు. ఆకు కదలడం లేదు.

చెట్టు దగ్గరికి వచ్చాడు...

బావిలో లైటు.

తెల్లటి లైటు. లోపలి నుంచి పైకి, చింతకొమ్మల మీద పడుతున్నది. అచ్చం టోపీ లైటులాగే. కుమారస్వామి బండి ఆపలేదు — కాలే దానంతటదే బ్రేకు మీద పడింది.

"స్వామీ..."

కింది నుంచి వచ్చింది. తడిసిన గొంతు.

అతను రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాడు.

"స్వామీ..."

రెండుసార్లు.

మూడోసారి కోసం ఆగేంత గుండె ఎవరికుంది? బండి ఎట్లా నడిపాడో, ఇంటికి ఎట్లా చేరాడో అతనికే తెలియదు. గడియ పెట్టి, గ్రూపులో రాశాడు: "పాతబాయిల లైటు చూసిన. పేరు పెట్టి పిలిచింది. గటు ఎవలు పోకుండ్రి."

రాసింది రాసినట్టే మాయమైంది. దాని చోట కావలి మాట వచ్చింది: "ఈ సందేశం తొలగించబడింది. దయచేసి దెయ్యాల పుకార్లు వ్యాప్తి చేయవద్దు. మీ సహకారానికి ధన్యవాదాలు."

తాను తవ్విన గోతిలో తానే పడ్డట్టయింది. అయినా సిగ్గనిపించలేదట. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించిందట. యంత్రం లేదన్నది కాబట్టి లేదు. భయం పోయింది. భయంతో పాటు ఇంకేదో కూడా పోయింది. కాళ్ళు కడుక్కుని, భార్య మూతపెట్టి ఉంచిన అన్నం ముందేసుకున్నాడు. కుడిచేత్తో పచ్చిపులుసు కలుపుతూ, ఎడమచేత్తో గ్రూపు చూస్తున్నాడు. నల్లా నీళ్ళు. తప్పిపోయిన మేక. ఎవరిదో పుట్టినరోజు. కనబడిన ప్రతిదానికీ ఒక బొటనవేలు బొమ్మ పెట్టుకుంటూ పోతున్నాడు.

సాయంత్రం ఎండ ఉండగా పెట్టిన మెసేజ్ ఒకటి కంటబడింది. అంతయ్యది.

"బాయిల ఉన్న. జర రాండ్రి."

అంతయ్య కుమారస్వామి ఇంటి పక్కాయన. రిటైరై ఏళ్ళయింది. అయినా గడప దాటితే చాలు, "బాయికి పోతున్న" అనడం ఆయన అలవాటు. చాయ్ తాగడానికి పోయినా అదే మాట. ఊరంతా నవ్వుతుంది. ఆ మెసేజ్ కింద కూడా నవ్వులే — "డ్యూటీ మంచిగ చెయ్యి తాతా", "నా హాజరు గూడ ఎయ్యి తాతా". ఇంక బొటనవేళ్ళకైతే లెక్కే లేదు.

కుమారస్వామి కూడా ఒకటి పెట్టాడు. పెట్టి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నములుతూ ఆ మెసేజ్ మళ్ళీ చదివాడు.

బాయిల ఉన్న... ఏ బాయిల?

రోజూ బండి మోత వినగానే అరుగు మీద నుంచి "స్వామీ" అని పిలిచేది ఎవరు?

ఎంగిలి చేత్తోనే రేవతికి ఫోన్ చేశాడు.

"అంతయ్య కాక పెట్టినయేమన్న కావలి తీసేసిందా? జర చూడు."

"గీ రాత్రిపూట ఏందన్నా?"

"చూడు రేవతీ... నీకు దండం పెడ్త."

రేవతి ఆ మూల తెరిచింది. ఒక్కొక్కటే చదివింది. మందుల పేర్లు చదివినట్టే చదివింది.

"మూడున్నయి. ఒకటి — బొగ్గుబాయి గాదు, పాతబాయి. కాలు ఇరిగింది. ఇంకోటి — పాతబాయిల పడ్డ, ఫోన్ కలుస్తలేదు, రాండ్రి."

"మూడోది?"



"పాతబాయి. స్వామి బండి వచ్చి పోయింది."

కాలనీ లేచింది. తాళ్ళు వచ్చాయి, మంచం వచ్చింది. లైటు అట్లాగే ఉంది, కాకపోతే సన్నబడింది. దిగి చూస్తే మోకాలి లోతు నీళ్ళలో, రాయికి ఆనుకుని అంతయ్య. ఒడిలో చింతచిగురు సంచి. కూలిన గోడ మీద కాలు పెట్టి కొమ్మ అందుకోబోయి పడ్డాడు. ఆయన భార్య కూతురి ఇంటికి పోయింది, ఇంట్లో వెతికే దిక్కు లేదు. అంత లోతు నుంచి ఫోన్ మాట పోవడం లేదు, మెసేజ్ మాత్రం ఎట్లాగో జారిపోతున్నది. చేతిలో ఫోన్ లైటు పైకి పెట్టి పట్టుకుని ఉన్నాడు.

ప్రాణం ఉంది. మంచం మీదికి ఎక్కించారు. ఊరంతా అడుగుతున్నదని కుమారస్వామి గ్రూపులో రాశాడు: "పాతబాయిల నుంచి అంతయ్యను తీసినం. బతికే ఉన్నడు."

తొలగించబడింది. మీ సహకారానికి ధన్యవాదాలు.

అంబులెన్సు వచ్చేదాకా కుమారస్వామి ముసలాయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉందట. తన చెయ్యి మాత్రం తనకు తెలియనే లేదట.

"ఎందుకు ఒర్లకపోతివి కాకా, గట్టిగ పిలువకపోతివి? ఎండ తగ్గినంక పొద్దుగూకేదాంక పిల్లలు గీడనే ఆడుకున్నరు గదా."

అంతయ్య గొంతులో కోపం లేదు.

"మొదట్ల ఒర్లిన బిడ్డా, అప్పుడు ఎవలు లేరు. మెసేజ్ పెట్టినంక అందరు బొటనేలు చూపెడ్తిరి... సరే, వస్తున్నం అన్నట్టేనాయె. గందుకే ఒర్లుడు బంద్ చేసి, చీకటి పడంగనే మీకు కనబడాలని లైటు పెట్టుకోని కూసున్న."

కొంచెం ఊపిరి తీసుకున్నాడు.

"నువ్వు పలకకుంట పోతే జర పరేషాన్ అయిన స్వామీ. అంతల్నే నీ బొటనేలు గూడ వచ్చింది. ఇగ ఫికర్ లేదనుకున్న."