భూమవ్వ గుంజ

వల లాగడం అయ్యేసరికి తూర్పు తెల్లబడింది. ఆ పొద్దు నాలుగు బొచ్చెలు, ఒక కొర్రమట్ట, సగం గంప పరకలు పడ్డాయి. అంతయ్య తెడ్డు అందుకుని పడవను రేవు వైపు తిప్పాడు. ఏడున్నరకు మెట్‌పల్లి అంగడికి పోయే ఆటో వస్తుంది. ఆలోపు చేపలు గట్టెక్కించి, ఇంటికి పోయి చాయ్ తాగాలి. నలభై ఏళ్లుగా ఆయన పొద్దు ఇట్లాగే మొదలవుతోంది.

దూరం నుంచే రంపం మోత వినబడింది. రేవులో అంత పొద్దున్నే రంపంతో ఏం పనో ఆయనకు అర్థం కాలేదు. దగ్గరికొస్తే అర్థమైంది.

రేవులో పడవలు కట్టుకునే పన్నెండు గుంజలు ఉండాలి. మనిషి నడుమంత లావు టేకు మొద్దులు, బండల సందున నాటినవి. గోదావరి మీద బ్యారేజీ కట్టి నీళ్లు నిలిపినప్పుడు పన్నెండు ఇళ్లవాళ్లు కలిసి వాటిని పెకిలించి, భుజాల మీద మోసి, మళ్లీ పైన నాటుకున్నారు. సర్కారు రూపాయి ఇవ్వలేదు. వీళ్లు అడగనూ లేదు. ఇప్పుడు వాటిలో తొమ్మిది నేలమట్టంగా ఉన్నాయి. పదోదాన్ని ఇద్దరు కూలీలు కోస్తున్నారు. మిగతా పడవలు ఇంకా నీళ్ల మీదే ఉన్నాయి. రేవు మెట్ల పైన నిన్న లేచిన కంచె, కంచెకు ఇప్పుడు గేటు, గేటుకు తాళం. అడుగు మెట్టు మీద నిన్న లైటు కోసమని సిమెంటులో పాతిన ఇనుప పోలు, దాని నెత్తిన ఇప్పుడు బోర్డు.

చీకట్లో ఆయన పడవ విప్పుకుపోయిన గుంజ కూడా లేదు. తెల్లటి మొదలు మిగిలింది. తెగిన టేకు వాసన వస్తోంది.

"ఆపుండ్రిరా!" అని నీళ్ల మీదనుంచే అరిచాడు.

కంచె లోపలినుంచి ఒకతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. బోటింగ్ కంపెనీ మేనేజరు సుధాకర్.

"నమస్తే పెద్దాయనా. గీడ పడవ ఆపద్దు. రేవు లీజుకిచ్చిండ్రు. ఇగ టూరిస్టు బోట్లే ఉంటయ్."

"ఎవడిచ్చిండు? ఎవల్నడిగి ఇచ్చిండు?"

"మీ ఊరోళ్లనడిగే ఇచ్చిండ్రు. సర్వే చేసినం గద. మీ కొడుకు కుమారే దగ్గరుండి రాయించిండు. సంతకం గూడ పెట్టిండు. మీకు కింద పరుపుబండ కాడ జాగ చూపిచ్చినం."

పరుపుబండ రెండు కిలోమీటర్ల దిగువన. అక్కడికి బాట లేదు, ఆటో రాదు. బ్యారేజీ గేట్లెత్తితే ఆ బండ మీద మనిషే నిలబడడు, పడవేం నిలబడుతుంది? ఆ జాగా చూపించినవాడికి ఆ మాట తెలియదా అంటే తెలుసు. తెలిసే చూపించాడు.

 కొడుకు పేరు వినగానే అంతయ్య తెడ్డు పడవలో పడేశాడు.

చేపలకోసం గంపతో వచ్చిన సక్కుబాయి కంచె చుట్టి వచ్చి, మోకాలిలోతు నీళ్లల్లో దిగి పడవ ముక్కు పట్టుకుంది. అవతలి ఒడ్డున మరాఠీ మాట్లాడే ఊరినుంచి ఇక్కడికి కోడలై వచ్చి ముప్ఫై ఐదేళ్లయినా ఆమె మాటలో మరాఠీ యాస పోలేదు.

"అరే దేవా, గట్లనే చూస్తవేంది అంతన్నా? నా గుంజ సుత కోస్తుండ్రు. పో, పోయి నీ కొడుకునడుగు. తాడు నాకియ్యి, నేను పడ్త."

"ఎంతసేపు పడ్తవ్?"

"నువ్వొచ్చేదాంక. కని జల్ది రా. నేను మనిషిని, మొద్దును గాదు."

*

కుమార్ వాకిట్లో అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. ఒంటిమీద బోటింగ్ కంపెనీవాళ్లిచ్చిన నీలం అంగీ. ఆ రోజే నౌకరీలో మొదటి రోజు. కోడలు వందన గోడకానుకుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మామ అడుగుల చప్పుడుకు చాయ్ గిన్నె కోసం లేవబోయింది.

"చాయ్ వద్దు" అన్నాడు అంతయ్య. "రేవు అమ్మినవారా?"

కుమార్ దువ్వెన ఆపాడు. "ఏమైంది బాపూ?"

"గుంజలు కోస్తుండ్రు. మీ అవ్వ గుంజ కోసి పడేసిండ్రు. నీ సంతకమున్నదంట."

కుమార్ మొహం తెల్లబోయింది. "కోసుడేంది? గుంజలకు నంబర్లేస్తమని చెప్పిండ్రు. రేషన్ కార్డు లెక్క ఎవరి గుంజకు వాళ్లకు కార్డిస్తమన్నరు. ఏ గుంజ ఎవరిదో చెప్పుమంటే చెప్పిన. రాసుకొని సంతకం పెట్టుమన్నరు."

"ఏమని చెప్పినవ్?"

"ఏమున్నదో గదే చెప్పిన. భూమవ్వ గుంజ, లచ్చవ్వ గుంజ, సక్కుబాయి గుంజ..."

ఆ ఊళ్లో పడవ మగవాడిది, గుంజ ఆడదానిది. మగవాడి పేరు ఏ గుంజకూ ఉండదు. ఇంట్లో అత్త పోయిన ఏడాదికి కోడలు తలస్నానం చేసి, గుంజకు పసుపుతాడు చుట్టి, పడవను తన చేత్తో కడుతుంది. పడవ తాడును ఆమె చేతికి అందించేది కులపెద్ద, ఇప్పుడైతే అంతయ్యే. ఆనాటినుంచి ఆ గుంజను ఆమె పేరుతో పిలుస్తారు. ఎవరు పెట్టిన ఆచారమో ఎవరికీ తెలియదు. ఎవరూ తప్పలేదు.

"కాయితమిచ్చిండ్రా?" అన్నాడు అంతయ్య.

"నిన్న ఇచ్చిండ్రు. నౌకరి కాయితంతోటి కలిపి. నేను చదువలే."

"చదువలే! డిగ్రీ ఎందుకు చదివినవ్ మరి?"

వందన లేచి లోపలికి పోయి కాగితం తెచ్చింది. మామ కళ్లద్దాల కోసం వెతికే పని లేకుండా తనే చదివింది. "పన్నెండు కట్టుగుంజలలో ఏడింటి హక్కుదారులు మరణించినట్లు స్థానికుని వాంగ్మూలము వలన తేలినది. రేవు అధికభాగము నిరుపయోగముగా ఉన్నందున..."

ఆమె కాగితం దించి మామ వైపు చూసింది.

"నిరుపయోగం!" అంతయ్య గోడమీద చెయ్యి చరిచాడు. "ఏడు పడవలు సచ్చినోళ్లొచ్చి కట్టిపోతుండ్రా? రోజు పొద్దుగాల నేను కడుతలేనా?"

"వాళ్లు గుంజ ఎవరిదని అడిగిండ్రు బాపూ. కట్టేదెవరని అడగలే."

"అడగకుంటే నీకు నోరు లేదా? నా పేరు చెప్పొస్తలేదా?"

"మగోని పేరు చెప్తే రేవుల నువ్వే నన్ను తన్నకపోదువా?"

అది నిజం. నిజం కాబట్టే అంతయ్యకు ఇంకా మండింది. బతికున్నవాళ్లు కళ్లముందు తిరుగుతుంటే చచ్చినవాళ్ల పేర్లు చూసి రేవు మూసేశారు. అడగాల్సినది అడగకుండా, తమకు కావల్సినది మాత్రం రాసుకుపోయారు. దానికి వేలు పెట్టి చూపించింది తన కడుపున పుట్టినవాడు.

"ఆ అంగీతోటి నా ఇంట్ల ఉండకు. పో. ఆ కంచె లోపల్నే పండుకో."

"బాపూ..."

"పొమ్మన్న!"

వందన చాటను పక్కన పెట్టింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె మామ ముందు గొంతెత్తింది లేదు. ఇప్పుడూ ఎత్తలేదు. మెల్లగానే అంది.

"మామా, ఆయన తప్పు చేసిండు. చదువకుంట సంతకం పెట్టుడు తప్పే. పొమ్మంటే ఇద్దరం పోతం. కని ఒక్క మాటిని పంపు."

అంతయ్య మొహం తిప్పుకున్నాడు. 

"అత్త యాడాది నాడు తానం జేసి, పసుపుతాడు పట్టుకొని రేవు కాడికొచ్చిన. యాదికున్నదా? నువ్వు తాడియ్యాలె. ఇయ్యలే. నేలకేసి కొట్టినవ్. 'దాని గుంజకు ఇంకొకదాని పేరు రానియ్య' అన్నవ్. ఊరంత చూసింది. నేను తలొంచుకొని ఇంటికొచ్చిన. మామకు దుఃఖమున్నది, తగ్గినంక పిలుస్తడు అనుకున్న. పిలువలే."

"వందనా, ఊకో" అన్నాడు కుమార్.

"నువ్వాగు. మామా, నేనొక్కదాన్నే అయితే ఫికర్ లేదు. కరోనా నాడు ఒక్క నెలల అత్తతోటి కలిపి నలుగురు పోయిరి. ఎనుక ముగ్గురు పోయిరి. ఆ కోడండ్లు గూడ నీ దగ్గరికొచ్చిండ్రు. 'ఇగ నేను తాడు ముట్ట' అని పంపినవ్. ఇంకొకల చేతికెళ్లి తీసుకుంటే తప్పాయె, నువ్వియ్యకపోతివి. గా కాయితంల ఏడుగురు సచ్చినోళ్లున్నరు. ఆ జాగల ఏడుగురు బతికినోళ్ల పేర్లుండాలె. అప్పుడు ఎవ్వడు నిరుపయోగం అని రాసేటోడు?"

 చాటలోంచి ఒక తునికాకు గాలికి లేచి అంతయ్య కాళ్ల దగ్గర పడింది.

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.   భూమవ్వ పోయిన ఈ నాలుగేళ్లుగా ఆయన ఎవరినీ క్షమించలేదు. బెడ్డు లేదన్న ఆస్పత్రిని, దూరం నుంచి చూసి వెళ్లిపోయిన చుట్టాలను, ఆమె పోయాక కూడా నవ్వుతూ తిరిగిన ఊరిని. పొద్దున్నే చీకట్లో గుంజను చేత్తో తడిమి, "పోయొస్తనే" అని చెప్పి పడవ విప్పేవాడు. ఆ ఒక్క మాట కోసం గుంజను తన దగ్గరే పెట్టుకున్నాడు.

మరి భూమవ్వ పేరుకు ముందు ఆ గుంజకు ఎవరి పేరుండేది?

రాజవ్వ. తన తల్లి. ఆ పేరు తలుచుకుని ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. రాజవ్వ గుంజ భూమవ్వ గుంజ అయిన రోజు అంతయ్య ఏడవలేదు. ఊరందరికీ చేపల పులుసు పెట్టాడు. పెళ్లాం కట్టిన ముడి ఊడిపోయి పడవ నడిగంగ దాకా పోతే, ఈది పట్టుకొచ్చి, పగలబడి నవ్వాడు. ఆమె కూడా తడి చీరతోనే నవ్వింది. అప్పుడు తల్లి పేరు పోయిందని ఎవరైనా అంటే, పోలేదు, కోడలి చేతిలో ఉందని అనేవాడు.

తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. కుమార్ దగ్గరికి రాబోతే వందన చెయ్యి పట్టి ఆపింది.

ఆయన తలెత్తాడు. "ఆ పసుపుతాడు... ఉన్నదా?"

వందన లోపలికి పోయి, బీడీ దారం ఉండలు పెట్టుకునే డబ్బా తెచ్చింది. అడుగున ఉంది తాడు. రంగు వెలిసిపోయింది.

"పా బిడ్డా" అన్నాడు అంతయ్య. కోడలిని ఆ పిలుపు పిలవడం అదే మొదలు.

*

దారిలో ఆరు ఇళ్ల ముందు ఆగాడు. ఒక్కో వాకిట్లో నిలబడి ఒకే మాట చెప్పాడు. "బిడ్డా, మీ పడవ తాడు పట్టుకొని రేవుకు రా. తప్పు నాది." అంతకు మించి చెప్పడం ఆయనకు చేతకాదు. లచ్చవ్వ కోడలు పొయ్యిమీద కూర దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒకామె ముందు రానంది. "అప్పుడు యాడికి పోయినవ్ పెద్దమనిషీ?" అని నిలదీసింది. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. చివరికి ఆమె కూడా తాడు తీసింది.

గేటు దగ్గర సుధాకర్ వాచీ చూసుకుంటున్నాడు. "కుమార్, మొదటి దినమే లేటా? ఇంకో తాళంచెవి నిన్ననే నీకిచ్చిన గద, తియ్యి."

కుమార్ జేబులోంచి తాళంచెవి తీశాడు. గేటు తెరిచి, ఏడుగురు ఆడవాళ్లను లోపలికి పోనిచ్చి, చెవిని మేనేజరు చేతిలో పెట్టాడు. "నాకొద్దు సార్. ఆ వాంగ్మూలం తప్పని ఇయ్యాల్నే రాసిస్త. నేను రాయించింది నేనే కొట్టేయిస్త."

నీళ్లల్లో సక్కుబాయి ఇంకా పడవ పట్టుకునే ఉంది. పెదాలు నీలమయ్యాయి, నోరు మాత్రం చల్లబడలేదు. "అంతన్నా! జల్ది రమ్మంటె గింతసేపా? ఇంకా జరసేపైతే నాకు సుత యేర్లు మొలుస్తుండె. గీ పల్టనంత ఏంది?"

"గుంజలోళ్లు" అన్నాడు అంతయ్య.

అప్పటికి పన్నెండు గుంజలూ నేలకూలాయి. కోసిన మొదళ్ల మధ్య ఆయన నిలబడ్డాడు. భూమవ్వ గుంజ మొదలు మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. సక్కుబాయి చేతిలోంచి తాడు అందుకుని, రెండు చేతులతో వందనకు ఇచ్చాడు.

"యాడ కట్టాలె మామా?"

కట్టడానికి అక్కడ నిటారుగా ఉన్నది ఒక్కటే. 'బోటింగ్ వారికి మాత్రమే. ఇతరులకు ప్రవేశము లేదు' అని రాసిన బోర్డు పోలు.

వందన దానికి పసుపుతాడు చుట్టింది. పడవ తాడు రెండు చుట్లు తిప్పి బిగించింది. భూమవ్వకు నేర్పినట్టే ఈమెకూ ముడి నేర్పాలేమోనని అంతయ్య ముందుకు వంగాడు. అవసరం రాలేదు. రోజుకు వెయ్యి బీడీలకు దారం ముడేసే వేళ్లు అవి.

"అమ్మా! అది కంపెనీ బోర్డు!" సుధాకర్ మెట్లు దిగి ఉరికొచ్చాడు. "దానికి పడవ కట్టుడేంది? ఎవరు నువ్వు? పేరేంది?"

వందన నడుముకు కొంగు బిగించింది.

"రాసుకో సారూ. వందన. బతికే ఉన్న."

ఆమె వెనక ఇంకో ఆరుగురు తాళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంతయ్య నీళ్లల్లోకి దిగి, దోసిలితో మొహం కడుక్కుని, లచ్చవ్వ కోడలి చేతికివ్వడానికి రెండో తాడు అందుకున్నాడు.