మకాం మార్చిన దొర

“డోర్న్ చావకూడదు,” అన్నాడు చీఫ్ భీమారావు.

ఉక్కు నగరంలోని బిష్టుపూర్ బజారులో బట్టల షాపు పైగది. బయట ఇన్సూరెన్స్ బోర్డు, లోపల రహస్య శాఖ. సంవత్సరం 1964.

ఏజెంట్ జగ్గారావు ముందుకు ఒక ఫొటో, ఒక జాబితా వచ్చాయి. ఫొటోలో ఉన్నది డోర్న్, జగ్గారావు తల్లి వంట చేసిపెట్టే స్టీలు కంపెనీ దొర. యుద్ధకాలంలో ఆ దొర బర్మా అడవిలో రైలుమార్గం వేయించాడు. జాబితాలో ఉన్నవాళ్లు అక్కడ అతని కొరడా దెబ్బలకు చచ్చిన కూలీలు. పదిహేడో పేరు రంగూన్‌కు కూలిపనికి వెళ్లిన జగ్గారావు తండ్రిది.

“మానవజాతి కోర్టు అని ఒక విదేశీ ముఠా. ఇవాళ మూడింటికి మన గడ్డ మీద అతన్ని ఉరి తీస్తుంది.”

“తియ్యనివ్వండి.”

“కుదరదు. అతన్ని తమకు అప్పగించమని అతని దేశమే ఎక్స్‌ట్రడిషన్ అడిగింది. కాగితాలు ఢిల్లీలో టైపవుతున్నాయి. ఈలోగా అరెస్టు చేసి ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.”

“ఏ నేరం కిందండి? హత్యలు ఇక్కడ జరగలేదు. మనిషి మనవాడు కాదు.”

“వెతుకు. ముందు మనిషిని వెతుకు, బంగళాలో లేడు. దొరికితే వైర్‌లెస్‌లో ‘లైన్ క్లియర్’ అను.”

దుభాషి మిస్ లీనా నల్లకళ్లద్దాలు సర్దుకుని ఇదంతా షార్ట్‌హాండ్‌లో రాసుకుంది.

బాగ్‌బేరా క్వార్టర్లో జగ్గారావు తల్లి నూకాలమ్మ బియ్యం ఏరుతోంది.

“అమ్మా, మీ దొర ఎక్కడున్నాడు?”

“గమ్హరియా రైలు గోదాం ఎనకాల గదిలో ఉంతన్నాడు. మూడు నెల్లైంది. ఎవులికీ సెప్పొద్దన్నాడు, ఠాణాకి కూడా. నానే క్యారేజీ అంపుతన్నాను. ఏటయ్యింది?”

“ఏటీ లేదు. వత్తాను.”

జగ్గారావు రైల్వే గార్డు వేషం వేశాడు. లాంతరు అడుగున వైర్‌లెస్. సంచిలో మాత్రం అసలు సిసలు డిటొనేటర్లు: పట్టా మీద పెడితే చక్రం కింద పేలి, ఆగమని డ్రైవర్‌ను హెచ్చరించేవి. గమ్హరియా చేరి ‘లైన్ క్లియర్’ అనేసరికి మూడు కావడానికి పది నిమిషాలుంది.

పెద్ద లైను నుంచి చీలిన సైడింగ్ పట్టాలు గోదాంలోకే వెళతాయి. లోపల వ్యాగన్ అంచున డోర్న్, మెడలో ఉరితాడు. కోటు వేసుకున్న ముగ్గురు తీర్పు చదువుతున్నారు. ఆ వ్యాగన్‌కు తగిలించిన ఇంజన్ గోదాం బయట ఉంది. పచ్చజెండా ఊపితే లాగాలి, డ్రైవర్ సీతారాంకి చెప్పింది అంతే.

జగ్గారావు ఇంజన్ ముందు వంగి డిటొనేటర్ బిగిస్తుంటే మెడకు పిస్టల్ తగిలింది.

“తీసెయ్,” అంది లీనా. జీతం మన దగ్గర, కొలువు ముఠా దగ్గర. “వాడు మీ నాన్నను చంపాడు. అప్పటికి మీ రాజ్యాంగమే లేదు. మీ కోర్టు వాణ్ణి వదిలేస్తుంది.”

“వదిలేయొచ్చు.”

“మరి ఎందుకీ పాట్లు? వాడు మీ పౌరుడు కూడా కాదు.”

“రాజ్యాంగంలో పౌరుడని రాయలేదు మేడమ్. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఏ వ్యక్తి ప్రాణమూ తీయకూడదని రాశారు.”

“ఆ కిరాతకుడు వ్యక్తా?”

డోర్న్ చావాలనే జగ్గారావుకూ ఉంది. డిటొనేటర్ ఊడదీసి ఆమెకిచ్చాడు.

ఆమె నవ్వి పచ్చజెండా ఊపింది. రైల్వే నియమం ప్రకారం గార్డు పట్టా మీద మూడు పెడతాడని ఆమెకు తెలియదు. మొదటి రెండూ అప్పటికే చక్రాల ముందున్నాయి.

ఢాం. ఢాం.

ఆ చప్పుడు వింటే ఏ డ్రైవరూ ఆలోచించడు. సీతారాం బ్రేకు బిగించాడు. డోర్న్ మడమలు మాత్రమే వ్యాగన్ మీద మిగిలాయి. జగ్గారావు పిస్టల్ లాక్కున్నాడు. భీమారావు జీపులు గోదాంను చుట్టుముట్టాయి.

తాడు విప్పుతుంటే డోర్న్ ఈసడించాడు. “నా మీద మీకేం అధికారం? నేరం ఏమిటి?”

జగ్గారావు చెప్పాడు. సాయంత్రం మేజిస్ట్రేటు రిమాండ్ రాశాడు.

ఇంటికి వచ్చి జగ్గారావు తల్లికి డోర్న్ చంపిన కూలీల జాబితా చదివి వినిపించాడు. నూకాలమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది, అవే చేతులతో వాడికి వండిపెట్టింది.

“ఏటి కేసు ఎట్టేరు?”

“విదేశీయుడు మకాం మారిస్తే ఠాణాలో చెప్పాలి. చెప్పలేదని.”

“అయితే మీ నాన్నని రంగూన్నించి ఆ అడివికి మార్సినప్పుడు ఏ ఠాణాలో సెప్పేడో, అది కూడా అడగండ్రా.”