బెరడు పురుగులు ఎగిరే ఎత్తు

మలేసియా అడవుల్లో బెరడు పురుగులు ఏ ఎత్తులో ఎగరడానికి ఇష్టపడతాయో తేల్చడం బయాంగ్ పరిశోధన. అతని తల్లి మాత్రం ఊళ్లో "మావాడు సారవాక్ అడవుల మీద పరిశోధన చేస్తున్నాడు" అని చెప్పుకునేది. పురుగుల ఊసు ఎత్తేది కాదు.

పని తేలికే. స్పిరిట్ పోసిన ప్లాస్టిక్ సీసాలను ఒక తాడుకు కట్టి, మోకాలెత్తున ఒకటి, చెట్టు నడిమికి ఒకటి, చిటారుకొమ్మకు ఒకటి వచ్చేలా లాగాలి. వాసనకు వచ్చి పడ్డ పురుగులను లెక్కపెట్టాలి. ముడి వేయడంలో తనను మించినవాడు లేడని బయాంగ్ నమ్మకం. ఓ ఉదయం ఆ ముడి ఊడి, సీసా కింద నడుస్తున్న సెందీ నెత్తిన పడింది.

సెందీ ఆ అడవిలో చెట్లెక్కి విత్తనాలు కోసే ఉద్యోగి. తల పగల్లేదు గానీ జుట్టు నుంచి బూట్ల దాకా స్పిరిట్ కారింది.

"పురుగుల సంగతేమో గానీ, నీ సీసాకి మాత్రం నా తలకాయ ఎత్తే నచ్చినట్టుంది."

క్షమించమని అడగబోయిన బయాంగ్, ఆమె జుట్టులో వాలిన పురుగును చూసి, "కదలకండి, ఇది అరుదైన రకం" అన్నాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత తల బాదుకున్నాడు.

అంతటితో పోలేదు. ఆ వాసనకు ఆమె తాగి వచ్చిందనుకున్న అటవీ ఆఫీసరు, చెట్లెక్కే పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ కబురు విన్న బయాంగ్ పరుగున వెళ్లి, ఆఫీసు ముందే తన చొక్కా మీద స్పిరిట్ కుమ్మరించుకున్నాడు. ఇదే వాసనేమో చూడమన్నాడు. ఆఫీసరు దగ్గరికి వచ్చేలోపు పురుగులే ముందొచ్చాయి. చొక్కా నిండా వాలాయి, ఒకటి చెవిలో దూరింది. అతను గంతులేస్తుంటే ఆఫీసరు నవ్వాపుకోలేక సెందీని పనిలోకి వెళ్లమన్నాడు.

ఆనాటి నుంచి ముడులు సెందీయే వేసింది. వాన పడితే ఇద్దరూ ఒకే గొడుగు కింద సీసాలు వడకట్టేవారు. చాలా పురుగులు నేల దగ్గరే తిరుగుతాయని, కొన్ని రకాలు మాత్రం చిటారుకొమ్మలు దిగవని అతను చెప్పాడు.

"నువ్వెప్పుడైనా పైకెక్కి చూశావా?"

"శాస్త్రపరంగా అవసరం లేదు. తాడుంది."

"భయమన్నమాట."

మర్నాడు బయాంగ్ ఎక్కాడు. పైన సెందీ పక్కన, కొమ్మను కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. వారం రోజులుగా వల్లెవేసిన మాటలన్నీ ఎగిరిపోయాయి.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని మాత్రం నోట్లోంచి ఊడిపడింది.

"ఇక్కడ అడిగితే లెక్కలోకి రాదు. ఈ ఎత్తులో మగాళ్లు ఏదైనా అంటారు. దిగాక అడుగు."

దిగాడు. బురదలో చతికిలబడ్డాడు. లేవడం తన వల్ల కాదని తెలిసి, అక్కడి నుంచే మళ్లీ అడిగాడు.

సెందీ కూడా వచ్చి అతని పక్కనే బురదలో కూర్చుని, అతని నడుముకున్న తాడు విప్పసాగింది.

"మా అమ్మకి ధైర్యవంతులంటే పడదు," అంది. "నువ్వు సరిపోతావు."