పద్నాలుగో స్లైడు

శుక్రవారం సాయంత్రం 4.46. స్లైడ్ల ప్రదర్శన ముగిసి హాల్లో లైట్లు వెలిగాయి.

తెర పక్కన బల్ల మీద నల్ల వెల్వెట్ గుడ్డ అలాగే ఉంది. దాని మీద ఉండాల్సిన గంట లేదు.

5.10కి తాహెరా ఆ విల్లా ముందు కారు ఆపింది. ఈసా టౌన్ దాటాక వచ్చే ఆ కాంపౌండులో ఇరవై ఆరు విల్లాలు. అన్నిటికీ సెక్యూరిటీ ఆఫీసర్ ఆమె ఒక్కతే. బోధన్‌లో పుట్టి, నిజామాబాద్‌లో ఎనిమిదేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక బహ్రెయిన్ వచ్చింది. అక్కడ దొంగల్ని చూసింది. ఇక్కడ దొంగతనం జరిగిందని ఫోన్లు చేసేవాళ్లను చూస్తోంది. ఇద్దర్లో దొంగలే కాస్త నయమని ఆమె అభిప్రాయం.

ఇంటావిడ సత్యకుమారి గుమ్మంలోనే ఎదురొచ్చింది. పట్టుచీర. కొంగుకు గుచ్చిన చిన్న కాలర్ మైకు ఇంకా తీయలేదు. చేతిలో కాగితం.

అది పోలీస్ కంప్లైంట్. టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం కూడా పెట్టేసింది. కాగితం అడుగున టైము 4.58. గంట పోయిందని తెలిసిన పన్నెండు నిమిషాల్లో దొంగ పేరు ఖాయమైపోయింది. భూలక్ష్మి, ఇంటి పనిమనిషి.

"ఇల్లు వెతికారా?"

"వెతకడమెందుకండీ? అందరూ కూర్చుని ఉంటే చీకట్లో తిరిగింది అదొక్కతే. మీరొక సంతకం పడేస్తే స్టేషన్‌కి పంపిస్తాను."

తాహెరా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. సంతకం పడేసే అలవాటు ఆమెకు లేదు.

హాల్లో ఇరవై రెండు మంది అతిథులు. గోడకు బ్యానరు: 'ఎవరూ చూడని ఇటలీ'. సంగతంతా ఇంటాయన మణికుమార్ చెప్పాడు. నెమ్మదస్తుడు. ఒక్కో వాక్యానికీ భార్య ముఖం చూసి ముందుకెళ్లాడు.

పోయిన డిసెంబరు సెలవుల్లో దంపతులిద్దరూ ఇటలీ వెళ్లారు. అందరూ వెళ్లే ఊళ్లు కాదట. ఇజెర్నియా అని, కొండల మధ్య ఒక చిన్న జిల్లా. రెండు వేల ఏళ్లనాటి రాతి రంగస్థలం, నడుముకు ఆనేలా వంపు తిప్పి చెక్కిన రాతి ఆసనాలు, తరతరాలుగా గంటలు పోతపోసే ఊరు, గొర్రెల మందలు నడిచే వంద మీటర్ల వెడల్పు పచ్చిక దారి. ఆ దారిలో ఒక ముసలి కాపరి, తన గొర్రె మెడలోంచి విప్పి మరీ సత్యకుమారికి ఇచ్చిన గంట అది. నూట యాభై ఏళ్లనాటిదట.

వచ్చే వేసవిలో తెలుగు సంఘంలోని ముప్పై కుటుంబాలను అక్కడికి తీసుకెళ్లాలని ఆలోచన. గైడు సత్యకుమారి. ఆ నిర్ణయం ఈ రోజే జరగాలి.

ముసలివాడు గొర్రె మెడ ఖాళీ చేసి ఈవిడకిచ్చాడన్న మాట. తాహెరాకు ఆ గొర్రె మీద జాలి కలిగింది.

ముందు సీసీ టీవీ చూసింది. ముందు గుమ్మం, వెనక గుమ్మం. 3.55 నుంచి 5.10 దాకా లోపలికి గానీ బయటికి గానీ ఒక్క మనిషి రాలేదు, పోలేదు.

అంటే గంట ఇంట్లోనే ఉంది.

భూలక్ష్మి వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఎదురుగా ఆమె సూట్‌కేసు బోర్లా పడి ఉంది. కూతురి కోసం కొన్న గౌను, తల్లి రాములవ్వ కోసం కొన్న దుప్పటి టైల్స్ మీద చిందరవందరగా ఉన్నాయి. వెతకడమెందుకన్న సత్యకుమారి ఆ ఒక్క పెట్టె మాత్రం వెతికించింది.

గురువారం భూలక్ష్మి విమానం. మూడేళ్ల నాలుగు నెలల తర్వాత ఇంటికి పోతోంది.

"కేసు పడితె విమానం ఎక్కనియ్యరంట గద అక్కా?"

తాహెరా అబద్ధం చెప్పలేదు. "ఎక్కనియ్యరు. చీకట్ల ఏం చేసినవ్?"

"జ్యూసు గిలాసలు పంచిన."

"ట్రేల ఎన్ని పడ్తయ్?"

"పన్నెండు. రెండు సేతుల్తోని పట్టుకున్న గూడ ఒణుకుతది. ఆఖరి గిలాస ఇచ్చి మల్ల ఈడికే వచ్చిన."

"గంట ఎప్పుడన్న ముట్టినవా?"

"రోజు తుడుస్త. సోమవారం తుడుసుకుంట ఒక్క మాటన్న. గప్పటిసంది అమ్మగారు నాతోని సక్కగ మాట్లాడ్తలేరు."

"ఏం మాట?"

భూలక్ష్మి తాహెరా భుజం మీదుగా చూసింది. గుమ్మంలో సత్యకుమారి నిలబడి ఉంది. భూలక్ష్మి తల దించుకుని గౌను మడత పెట్టసాగింది.

తాహెరా లేచి సత్యకుమారినే అడిగింది. పనిమనిషి ఏయే గదుల్లోకి వెళ్తుంది? వంటిల్లు, హాలు, పడగ్గదులు, మేడ, అన్నీ శుభ్రం చేసేది తనేనని చెప్పింది సత్యకుమారి. హాలు మూలనున్న టేకు తలుపుల వైపు చెయ్యి చూపించి ఆగింది.

"దేవుడి గది తప్ప. మూడేళ్లలో దాన్ని ఆ గడప తొక్కనివ్వలేదు. చీపురు కూడా నేనే పట్టుకుంటాను. మా వారినైనా స్నానం చేయకుండా రానివ్వను. మా ఆచారం అలాంటిది." తాహెరాను పాదాల నుంచి తల దాకా ఒకసారి చూసింది. "మీకు తెలియదు లెండి."

"చెప్పారుగా. తెలిసింది," అంది తాహెరా.

ఆ తలుపులకు నాలుగు అడుగుల దూరంలో ఆగి చూసింది. రాజమండ్రిలో చేయించి ఓడలో తెప్పించినవి. ఒక్కో రెక్కకు ఎనిమిది, మొత్తం పదహారు చిన్న ఇత్తడి గంటలు. వాటికి రెండు అడుగుల్లో తెర. తెర పక్కనే సత్యకుమారి కుర్చీ, ఖాళీ వెల్వెట్ గుడ్డ.

తర్వాత అతిథుల వంతు. ఎక్కువమంది చెప్పింది ఒకటే: ఏమీ చూడలేదు. చీకటి కదా. సంఘం అధ్యక్షుడు దేవేందర్ సల్మానియా ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్. కంప్లైంట్ ఇవ్వడానికి ముందు ఒకసారి ఆలోచించమని చెప్పి చూశాడట, ఎవరూ వినలేదట. ఆయన పక్కన ఆయన అత్తగారు పాపాయమ్మ. విజిట్ వీసా మీద వచ్చి నెలయింది. కంటపడిందల్లా ఫోన్లో వీడియో తీసి ఊరికి పంపడమే పని.

"ఏం చూసినవ్ పెద్దమ్మా?"

"చూసుడే గాదు బిడ్డా, ఇన్న. గొర్ల మంద బొమ్మ పడ్డప్పుడు గంటలు గూడ ఇనవడ్డయ్. గల్లు గల్లుమని. నేను ఇటలీలనె ఉన్నట్టు అనిపిచ్చింది."

చుట్టుపక్కల వాళ్లు తలలూపారు. అవును, ఆ గంటలు అద్భుతం. అసలు ప్రోగ్రాంకే అది హైలైట్.

తాహెరా ఆ ఫోను అడిగి తీసుకుంది. నలభై ఒక్క నిమిషాల వీడియో. మేడమెట్ల మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించి, ఒకే చోటును అయిదుసార్లు విన్నది.

ఆఖర్న రొకో. డెబ్బై ఏళ్ల ఇటాలియన్, ఓడల మరమ్మతు ఇంజినీరు. దేవేందర్‌కు పక్కింటివాడు. ఇటలీ ప్రోగ్రాం అనగానే చెప్పకుండా వెంటబెట్టుకొచ్చాడు దేవేందర్. తాహెరా ఇంగ్లీషులో అడిగింది. ఆయన పొడిపొడిగా చెప్పాడు. పుట్టింది ఆ జిల్లాలోనే, కాప్రకోత్త అనే కొండ ఊళ్లో. తాతకు నాలుగు వందల గొర్రెలుండేవి. 4.05కి పరిచయమైనప్పుడు, ప్రోగ్రాం అయ్యాక ఆ గంట ఒకసారి చేతిలోకి తీసుకోవచ్చా అని ఇంటావిడను అడిగాడు. తప్పకుండా అందామె. అప్పుడామె ముఖంలో రంగు మారినట్టుంది, కానీ ముసలి కళ్లు, నమ్మలేం.

ఫొటోలు ఎలా ఉన్నాయి?

అందంగా ఉన్నాయన్నాడు. ఇంకేమీ అనలేదు. ఒకరింట్లో కూర్చుని వాళ్ల వంటకు వంక పెట్టని మనిషిలాగా చేతులు ముడుచుకున్నాడు.

5.55. తాహెరా అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. భూలక్ష్మిని కూడా పిలిచి కుర్చీ చూపించింది. సత్యకుమారి కనుబొమలు లేచాయి. తాహెరా పట్టించుకోలేదు.

"మణికుమార్‌గారూ, పద్నాలుగో స్లైడు వేయండి."

గొర్రెల మంద. పచ్చిక. వెనక నీలం కొండలు.

"ఇది వీడియోనా, ఫొటోనా?"

"ఫొటో."

"సౌండ్ ఏమైనా కలిపారా? మ్యూజిక్?"

"లేదు. ఆవిడ మైకు ఒక్కటే స్పీకర్‌కి కనెక్ట్ అయింది."

తాహెరా పాపాయమ్మ ఫోను పైకెత్తి వాల్యూమ్ పెంచింది. సత్యకుమారి గొంతు వినిపించింది: ఇక్కడ నేను మాట్లాడను, ఈ లోయ నిశ్శబ్దాన్ని మీరే వినండి. తర్వాత నిశ్శబ్దం. నలభై సెకన్లకు గల్లుమని చిన్న గంటల మోత. ఇంకో నిమిషానికి మళ్లీ ఒకసారి.

"టైము 4.31. ఫొటోలోని గొర్రెలు మోగవు," అంది తాహెరా. "మోగాయని ఇంతమంది చదువుకున్నవాళ్లు నమ్మారు. పాపాయమ్మ చదువుకోలేదు, ఆవిడా నమ్మింది. ఆవిణ్ణి ఏమీ అననులెండి, వీడియో తీసింది ఆవిడే. ఈ ఇంట్లో చిన్న గంటలు గుత్తిగా ఎక్కడున్నాయి?"

తలలన్నీ ఒకేసారి టేకు తలుపుల వైపు తిరిగాయి.

"తెరిస్తే ఒకసారి. మూస్తే ఒకసారి. మూలన మోగిన మోత హాలంతా ఎలా వినపడింది? తెరిచిన మనిషి కొంగుకు మైకు ఉంది. దాన్ని ఆఫ్ చేయడం మర్చిపోయింది. మోత స్పీకర్లోంచి వచ్చింది కాబట్టి మీకు తెర మీది గొర్రెలే మోగినట్టుంది."

సత్యకుమారి నవ్వబోయింది. "బావుంది. గంట తీసింది నేనే అయితే అది మోగదా?"

"గంట లోపలి నాలుకను పిడికిట్లో పట్టుకుంటే మోగదు. దానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. భూలక్ష్మి రెండు చేతుల్లో ట్రే ఉంది. మీ చేతిలో ఏమీ లేదు. స్లైడ్లు మార్చింది మీ వారు."

"ఆ తలుపు ఈ పనిమనిషే తెరిచి ఉండొచ్చుగా?"

ఆ ప్రశ్న కోసమే తాహెరా ఎదురుచూస్తోంది.

"మూడేళ్లలో దాన్ని ఆ గడప తొక్కనివ్వలేదన్నారు. చీపురు కూడా మీరే పట్టుకుంటారన్నారు. గంట ఆ గదిలో ఉంటే, పెట్టగలిగింది ఎవరో ఇందాక మీరే నాకు చెప్పారు. నేను లోపలికి రాను. మణికుమార్‌గారూ, మీరు చూడండి."

మణికుమార్ భార్య ముఖం చూడకుండా లేవడం అందరూ మొదటిసారి చూశారు. తలుపులు తీశాడు. పదహారు గంటలూ మోగాయి. హారతి పళ్లేల వెనక నుంచి పసుపు శాలువాలో చుట్టిన గంట తెచ్చి బల్ల మీద పెట్టాడు.



"సొంత గంట ఎందుకు దాచుకుంటారు?" అన్నాడు దేవేందర్.

తాహెరా గంటను భూలక్ష్మి చేతికిచ్చింది. "సోమవారం అన్న మాట ఇప్పుడను."

భూలక్ష్మి గంటను తిరగేసి లోపల వేలు పెట్టి తిప్పింది.

"మేము కుర్మోళ్లం. మా నాయన మందల ముప్పై గంటలుండె. గొర్రె మెడల ఏడాది ఉంటె సాలు, నాలుక తాకిన కాడ గుంట పడ్తది, కడ్డీ అరుగుతది. గిది గొర్రె మెడల ఒక్క పొద్దు పడలే. గంతే అన్న."

ప్రోగ్రాం అయ్యాక ఇస్తానన్న ఆ గంట కోసం రొకో చెయ్యి చాచాడు. గంట లోపల చూసి, లేత్ మిషను గీతల మీద గోరు గీసి, తిరిగి బల్ల మీద పెట్టాడు. అడగకుండానే మణికుమార్ నోరు విప్పాడు. సల్మాబాద్‌లో ఒక లేత్ షాపులో చేయించిందట. ఇటలీ వెళ్లిన మాట నిజమే, నాలుగు రోజులు, రోమ్ దాటలేదు. ఫొటోలు ఇంటర్నెట్టువి.

"ఏమండీ," అంది సత్యకుమారి. ఆ మాటకు ఎప్పుడూ ఉండే బలం లేదు.

భూలక్ష్మి కళ్లు తెర మీదే ఉన్నాయి. "అక్కా, అమ్మగారు ఇటలీ పోయింది చలికాలంల గద? గా గొర్లకు ఉన్ని లేదు, కత్తిరిచ్చిండ్రు. చలిల ఎవడన్న కత్తిరిస్తడా? సస్తయ్ గద."

తాహెరా ఆ మాట రొకోకు ఇంగ్లీషులో చెప్పింది. ఆ సాయంత్రం మొదటిసారి ఆయన నవ్వాడు. డిసెంబరులో తమ ఊళ్లో తలుపులు తెరవనంత మంచు పడుతుందన్నాడు. మందలు చలికి ముందే కొండ దిగి దక్షిణాన మైదానాలకు పోయేవి, ఎండలు ముదిరే వేళకు తిరిగొచ్చేవి. ఈమె తండ్రి ఎన్ని రోజులు నడిచేవాడో అడగమన్నాడు.

"ఇరవై దినాలు," అంది భూలక్ష్మి. "గోదారి ఒడ్డు దాన్క."

రొకో రెండు చేతుల వేళ్లూ ఒకసారి చూపించి, మళ్లీ ఒకసారి చూపించాడు. తాత కూడా అంతే నడిచేవాడట. ఇరవై రెండు మంది అతిథుల మధ్య ఆ పచ్చిక దారిని నిజంగా చూసినవాళ్లు ఇద్దరే. ఒకామె ఇటలీ మొహం ఎరగదు.

తాహెరా జేబులోంచి కంప్లైంట్ తీసి నాలుగు ముక్కలు చేసి వెల్వెట్ గుడ్డ మీద పెట్టింది.

"ఈమె పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంది కదా? అలా ఉంచుకోవడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు. మీరే తెస్తారా, నేను స్టేషన్‌కి ఫోన్ చెయ్యనా?"

సత్యకుమారి మేడెక్కి దిగింది. పాస్‌పోర్టును బల్ల మీద పడేయబోయి, అందరూ చూస్తున్నారని చేతికే ఇచ్చింది. భూలక్ష్మి తెరిచి మూడేళ్ల నాటి తన ఫొటో చూసుకుని రవిక లోపల దాచుకుంది. గురువారం దాకా మా ఇంట్లో ఉండమని పాపాయమ్మ ఆమె సూట్‌కేసు ఒక కొస పట్టుకుంది.

అతిథులు ఒక్కొక్కరే లేచారు. వేసవి ప్రయాణం ఊసు ఎవరూ ఎత్తలేదు.

"ఈ గ్లాసులన్నీ ఎవరు తీస్తారు?" అంది సత్యకుమారి, అలవాటు కొద్దీ.

వెనక గుమ్మం వైపు తిరగబోయిన భూలక్ష్మి ఆగి, ముందు గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

మణికుమార్ దేవుడి గది తలుపులు మూశాడు. గల్లుమని మోగాయి. ఈసారి హాల్లో ఎవరికీ ఇటలీ వినపడలేదు.